గ్రాముల్లో ఉన్న కేక్ కొలతల్ని కప్పుల్లోకి మార్చుకోవడం

రెసిపీలో మైదా 180 గ్రాములు, పంచదార 150 గ్రాములు అని ఉంది. ఇంట్లో చూస్తే త్రాసు లేదు. టెన్షన్ పడకండి, ఒక కప్పు, ఒక టేబుల్ స్పూను, ఒక టీస్పూను ఉంటే పని జరిగిపోతుంది. కాకపోతే అన్నిటికీ పనికొచ్చే ఒకే లెక్క అంటూ లేదు. ఒకే కప్పులో తేనె పోస్తే సుమారు 340 గ్రాములు తూగుతుంది, కోకో పొడి నింపితే 85 నుంచి 100 లోపే. అందుకే ఏ వస్తువు లెక్క దానికే ఉండాలి.

ముందు మీ కప్పు సంగతి తేల్చుకోండి. నేను చెప్పే అంకెలన్నీ 240 మిల్లీలీటర్ల కప్పుకి. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూనుతో 16 సార్లు నీళ్లు పోస్తే అంచు దాకా నిండాలి. ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200 మిల్లీలీటర్లు ఉంటాయి. టీ తాగే కప్పుతో మాత్రం కొలవకండి.

కప్పు మైదా 120 గ్రాములు, పంచదార 200, పంచదార పొడి 120, వెన్న 227, నూనె దాదాపు 220. నీళ్లు, పాలు గ్రాముల్లో ఎంతుంటే మిల్లీలీటర్లలోనూ దాదాపు అంతే, వాటితో ఏ ఇబ్బందీ లేదు.

ఇక లెక్క అంటారా, రెసిపీలోని గ్రాముల్ని కప్పు బరువుతో భాగించడమే. 180ని 120తో భాగిస్తే కప్పున్నర మైదా. 150ని 200తో భాగిస్తే ముప్పావు కప్పు పంచదార. 100 గ్రాముల మైదా లాంటి చిక్కు అంకె వస్తే నేను స్పూన్ల లెక్కలోకి దిగుతాను. టేబుల్ స్పూను మైదా ఏడున్నర గ్రాములు, కాబట్టి 13 టేబుల్ స్పూన్లు, పైన ఒక టీస్పూను.

అసలు తేడా అంతా మైదా దగ్గరే వస్తుంది. డబ్బాలో ఉన్న పిండి రోజులు గడిచేకొద్దీ అణిగిపోతుంది. అందులో కప్పు ముంచి తీశారనుకోండి, 120 కాదు, 140 నుంచి 150 గ్రాములు వచ్చేస్తుంది. మూడు కప్పుల కేక్‌లో అది అరకప్పు, ఒక్కోసారి ముప్పావు కప్పు మైదా ఎక్కువ పడ్డట్టు. కేక్ పొడిపొడిగా, గట్టిగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకని ముందు స్పూనుతో పిండిని అడుగు దాకా కలిపి గుల్లగా చెయ్యండి. తర్వాత స్పూనుతో కొద్దికొద్దిగా తీసి, కప్పు పైదాకా కొంచెం ఎత్తుగా వచ్చేలా వెయ్యండి. కప్పుని బల్లకి తట్టకూడదు, వేలితో నొక్కకూడదు. చాకు వీపుని అంచు మీద ఆనించి ఒక్కసారి గీసెయ్యండి. జల్లించడం కొలిచాకే. జల్లించిన పిండిలో గాలి ఎక్కువ ఉంటుంది కాబట్టి ముందే జల్లిస్తే కప్పుకి 120 గ్రాములు రావు.

బ్రౌన్ షుగర్‌కి దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. కప్పు బోర్లిస్తే అచ్చులా నిలబడేంత గట్టిగా నొక్కి నింపాలి. అప్పుడు 200 నుంచి 220 గ్రాములు ఉంటుంది.

గట్టి వెన్నని కప్పులో కూరితే మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. అంతకంటే మంచి దారి ఉంది. ప్యాకెట్ మీద బరువు రాసే ఉంటుంది కదా, 100 గ్రాముల ముక్కని చాకుతో సగానికి కోస్తే 50. నేనైతే వెన్నకి కప్పే వాడను.

బేకింగ్ పౌడర్, వంటసోడా, ఉప్పు టీస్పూనుతోనే, అదీ గీసి కొలవండి. టీస్పూను బేకింగ్ పౌడర్ 4 నుంచి 5 గ్రాములు, ఉప్పు సుమారు 6. సోడా కాస్త ఎక్కువైనా నాలిక పట్టేస్తుంది.

ఈ పద్ధతితో కేకులు, కుకీలు, మఫిన్లు ధైర్యంగా చేసుకోవచ్చు. బ్రెడ్ కూడా పర్లేదు, కలిపేటప్పుడు పిండి చేతికి తెలుస్తుంది, నీళ్లో పిండో సర్దుకోవచ్చు. మాకరాన్లనే ఫ్రెంచ్ బిస్కెట్లకి మాత్రం వద్దు. గుడ్డు తెల్లసొనకీ బాదం పొడికీ అక్కడ తూకం కచ్చితంగా కుదరాలి, త్రాసు కొనుక్కున్నాకే అవి మొదలుపెట్టండి.