చదివిన ఇంగ్లీషు మాట నోటికి రానప్పుడు

సమస్య: జాబితాలోని మాటకు అర్థం అడిగితే తడుముకోకుండా చెబుతారు కానీ, మీటింగులో అవసరమైన క్షణాన ఆ మాట స్ఫురించదు.

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉంటూ, విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్ఈ పరీక్షకు చదివే మన తెలుగువాళ్ల గదుల్లో, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసిన కాగితాలు గోడకు అతికించి ఉంటాయి. రెండూ ఒకేసారి కంటపడుతుంటే మనసుకు వెతుక్కునే పని ఉండదు కనుక, అలవడేది మాటను గుర్తుపట్టడమే తప్ప గుర్తుతెచ్చుకోవడం కాదు. చీటీకి ఒకవైపు ఆ మాట ఉండవలసిన చోట ఖాళీ వదిలిన వాక్యాన్ని, వెనుకవైపు మాటను రాసుకొని, మరునాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఆ ఖాళీని నోటితో పూరించాలి. అర్థంలేని అక్షరాలను తానే బట్టీపట్టి పరీక్షించుకున్న జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్, నేర్చినదానిలో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని 1885లోనే చూపాడు. రోజుకు యాభై మాటలనే లెక్కపై నాకు నమ్మకం లేదు; ఐదు నిలిస్తే గొప్పే.

సమస్య: మాట వస్తుంది, కానీ విన్నవారు వింతగా చూస్తారు.

ఇది మొదటిదానికన్నా మొండిది. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాటను జతకట్టి ఊరుకోవడమే దీనికి మూలం. మిటిగేట్ అంటే ‘తగ్గించడం’ అని మాత్రమే రాసుకున్నవారు ఒంటి బరువును కూడా మిటిగేట్ చేశామంటారు; ఆ మాట పొసగేది రిస్కు, నష్టం, తీవ్రత వంటివాటితో. ‘తప్పు చేశాను’ అనే మన వాడుకే ‘డిడ్ ఎ మిస్టేక్’గా బయటికి వస్తుంది, ఇంగ్లీషులో మిస్టేక్‌కు తోడు మేక్. నేనూ తప్పించుకోలేదు. నాలుగు గంటల మీటింగు ఒళ్లు అలిసేలా చేసిందనబోయి ‘ఎగ్జాస్టివ్’ అని మెయిల్ రాస్తే, ఆ మాటకు ‘ఏదీ వదలనంత సమగ్రమైనది’ అని అర్థం కనుక, మేనేజరు ధన్యవాదాలు తెలిపారు. నేను రాయవలసింది ‘ఎగ్జాస్టింగ్’. అందుచేత నోటుబుక్కులో మాటను ఒంటరిగా కాక, దాని పక్కన కుదిరే రెండు మూడు మాటలతో కలిపి ఎక్కించండి. జీఆర్ఈ సైతం 2011లో వ్యతిరేకపదాల ప్రశ్నలను తీసివేసి, సందర్భాన్ని బట్టి ఖాళీలు పూరించే ప్రశ్నలకు పెద్దపీట వేసింది.

సమస్య: పుస్తకంలో తెలిసిన మాటే చెవిన పడితే పోల్చుకోలేరు.

రాసినట్టే పలికే లిపికి అలవాటుపడిన మనం ‘ఎపిటోమ్’ అని చదువుకున్నదాన్ని ఇంగ్లీషువారు ‘ఇపిటమీ’ అంటారు. కొత్త మాటను రాసుకొనే ముందే ఆన్‌లైన్ నిఘంటువులోని స్పీకరు గుర్తు నొక్కి విని, ఆ ఉచ్చారణను తెలుగులో పక్కన రాసి, ఒత్తి పలికే అక్షరం కింద గీత గీయండి. ‘ఇపిటమీ’లో ఆ గీత ‘పి’ కింద పడుతుంది.