ఇంట్లో కంట్రీ రేడియో – మూడో పాఠం: గంట అల్లిక

కిందటి పాఠంలో సర్వర్ మీద నెట్ రేడియో నడిపే సాఫ్ట్‌వేర్ అజురాకాస్ట్ ఎక్కించాం, లైసెన్సుల సంగతి చూశాం, నాలుగు పాటలు పెట్టి ఫోన్లో విన్నాం. స్టేషన్ పలుకుతోంది. ఇక ఉన్న పాటలన్నీ ఒకే ప్లేలిస్టులో కుమ్మరించి షఫుల్ కొట్టేద్దామని చేతులు దురద పెడుతుంటాయి. నేనూ అదే చేశాను. రెండో రోజే దొరికిపోయాను, ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ముందు లెక్క. పాత కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీ పాటలు, పొట్టివి. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలే. రికార్డులు మారాక కూడా చాలాకాలం పాట ఆ కొలత దాటలేదు. సగటున 2 నిమిషాల 45 సెకన్లు వేసుకోండి. స్టేషన్ పేరుకీ మాటలకీ 5 నిమిషాలు పక్కన పెడితే, మిగిలిన 55 నిమిషాల్లో 20 పాటలు పడతాయి. మూడు గంటలకు 60.

మూడు గంటల లెక్క ఎందుకంటే, అమెరికాలో రికార్డింగుల రాయల్టీ వసూలు చేసే సంస్థ సౌండ్‌ఎక్స్చేంజ్‌కి రాయల్టీ కట్టి చట్టబద్ధ లైసెన్సు మీద నడిపే నెట్ రేడియోకి ఆ కొలతే పెట్టారు. ఏ మూడు గంటలు తీసుకున్నా ఒక గాయకుడివి నాలుగు పాటలు దాటకూడదు, వరుసగా అయితే మూడు దాటకూడదు. ఒకే ఆల్బమ్ నుంచి మూడు, వరుసగా రెండు. బాక్స్ సెట్ (చాలా పాటలు కలిపి ఒకే పెట్టెగా అమ్మేది) అయితే సెట్ మొత్తానికి కలిపి నాలుగు.

చాలామంది బోల్తా పడేది ఈ చివరిదాని దగ్గరే. వంద పాటల సెట్ ఒకటి చవగ్గా దొరుకుతుంది, హాంక్ విలియమ్స్ నుంచి జార్జ్ జోన్స్ దాకా పేరున్న కంట్రీ గాయకులందరూ అందులోనే ఉంటారు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ దాన్నుంచి మూడు గంటల్లో మీరు వేయగలిగేది నాలుగే. అలాంటి వాటితోనే 60 పాటలు నింపాలంటే పదిహేను సెట్లు ఉండాలి. అందుకే గాయకుల ఆల్బమ్‌లు విడివిడిగా కొనుక్కోమంటాను. పాత సీడీల దుకాణంలో అరపూట గడిపితే సరిపోయే పని.

ఇప్పుడు నా కథ. స్టేషన్ సెట్టింగుల్లో డూప్లికేట్ ప్రివెన్షన్ అని ఒకటుంటుంది. అక్కడ 60 నిమిషాలు పెడితే, ఒకసారి వచ్చిన గాయకుడు మళ్లీ గంట దాకా రాకుండా చూస్తుంది. నేను పెట్టాను కూడా. అయినా హాంక్ విలియమ్స్ పాట అయిపోయిన పది నిమిషాలకే అదే గొంతు మళ్లీ వినిపించింది. చూస్తే పాట ఫైల్లో పేర్లు రాసి ఉండే ట్యాగ్‌లో ‘ల్యూక్ ద డ్రిఫ్టర్’ అని ఉంది. అది హాంక్ పెట్టుకున్న మారుపేరే. పాటలా కాకుండా నీతులు మాటల్లో చెప్పే రికార్డులు కొన్ని చేశాడాయన. హాంక్ పేరు చూసి జ్యూక్‌బాక్సుల వాళ్లు కళ్లు మూసుకుని కొనేస్తారనీ, తీరా అది విన్నాక గోల పెడతారనీ కంపెనీ వాటిని ఆ పేరుతో విడుదల చేసింది. మనిషి ఒక్కడే, కానీ సాఫ్ట్‌వేర్‌కి ఇద్దరు. ‘హాంక్ విలియమ్స్ విత్ హిజ్ డ్రిఫ్టింగ్ కౌబాయ్స్’ అన్న ట్యాగ్ ఉంటే ముగ్గురు. కాబట్టి ప్లేలిస్టు ముట్టుకోకముందే ఆర్టిస్ట్ గడి ఒక్కటీ వరుసగా చూసుకుంటూ పోండి, ఒక మనిషికి ఒకే పేరు ఉంచండి. యుగళగీతాల దగ్గర నిదానంగా ఆలోచించండి: జార్జ్ జోన్స్, టామీ వైనెట్ కలిసి పాడినదాన్ని నేను ఇద్దరి ఖాతాలోనూ వేసుకుంటాను. హాంక్ విలియమ్స్ జూనియర్ మాత్రం కొడుకు, వేరే మనిషి. తొందరలో ఇద్దర్నీ కలిపేయకండి.

శ్రోతలు పాట అడిగితే? జనరంజనిలో ఊరిపేర్లు చదివి వెంటనే పాట వేసిన అలవాటు మనది. ఇక్కడ అలా కుదరదు. అడిగిన గంటలోపు వేయకూడదు, ఫలానా టైముకి వేస్తామని మాటివ్వకూడదు. పేరు రాసుకుని, వీలైనప్పుడు వేయండి.

ఇక అసలు పని, ఏ పాట పక్కన ఏది. సాయంత్రం గంట ఒక్కటి చేత్తో అల్లండి, ప్లేలిస్టు వరుసను ‘సీక్వెన్షియల్’ చేయండి. మిగతా గంటలు షఫుల్‌కి వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

హాంక్ 1949 రికార్డు ఒకటి తీసుకోండి. మోనో, ఫిడిలు, స్టీల్ గిటారు, గొంతు మైకుకి అతుక్కున్నట్టుంటుంది. దాని వెనకే 1961 నాటి పాట్సీ క్లైన్‌ని వేసి చూడండి. నాష్‌విల్‌లో ఓవెన్ బ్రాడ్లీ చేయించిన రికార్డింగ్, వెనక కోరస్, పియానో, గది నిండా మెత్తటి మోత. రెండూ గొప్పవే, కానీ పక్కపక్కన పెడితే హాంక్ డొక్కు రేడియోలోంచి పాడినట్టుంటాడు. మధ్యలో ఎవరో ఒకరు కావాలి. నేను రే ప్రైస్‌ని పెడతాను. హాంక్ శిష్యరికంలో మొదలై, 1956కి తనదైన షఫుల్ నడక (ఇక్కడ షఫుల్ అంటే ఊగే తాళం) పట్టుకున్నాడు, 60లలో వయొలిన్ల వైపూ వెళ్లాడు. ఇటు హాంక్‌కీ అటు పాట్సీకీ చుట్టమే. పాట్సీ తర్వాత ఇంకో మెత్తటి పాట వద్దు, నిద్రొస్తుంది. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ నుంచి బక్ ఓవెన్స్‌ని దింపండి. ఆ టెలికాస్టర్ గిటారు ఒక్క గీతతో లేపి కూర్చోబెడుతుంది.

వరుస కుదిరినా మోత హెచ్చుతగ్గులుంటే శ్రోత చేయి వాల్యూమ్ మీదే ఉంటుంది. 90ల తర్వాత రీమాస్టర్ చేసిన సీడీలు బాగా గట్టిగా ఉంటాయి. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్లో పాటలన్నీ ఎంచుకుని, మోత కొలిచి సమం చేసే రీప్లేగెయిన్ స్కాన్ చేయండి, ఏ పాటకి ఆ పాటే కొలిచే ట్రాక్ గెయిన్ మాత్రమే వాడండి. క్రాస్‌ఫేడ్ పూర్తిగా ఆపేయండి. ఇది నా పట్టుదల. ఈ పాటలు ఫిడిలు గీతతో ఠక్కున మొదలై ఠక్కున ఆగుతాయి. ఒకదాని తోక మీద ఇంకోటి ఎక్కిస్తే మొదటి గీతే పోతుంది.

ఈ వారం ఇంటిపని: 20 పాటల గంట ఒకటి అల్లి, కాగితం మీద ప్రతి పాట పక్కన సంవత్సరం, ఊరు, మోనోనా స్టీరియోనా రాయండి. తర్వాత అంట్లు తోముతూనో కారు నడుపుతూనో మొత్తం గంట వినండి. చెవి ఎక్కడ ఉలిక్కిపడిందో ఆ పాట నంబరుకి సున్నా చుట్టండి. వచ్చే పాఠంలో మైకు ముందు కూర్చుందాం, ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.