చిత్త కార్తె రాకముందే తేల్చుకోండి: మగకుక్కకు విత్తు తీసే ఆపరేషన్ చేయించాలా, వద్దా?

అక్టోబరు 10, 11 తేదీల్లో చిత్త కార్తె వస్తుంది. వీధికుక్కలు గుంపులు కట్టి తిరిగే కాలం. ఇంట్లో ముద్దుగా పెరిగిన మగకుక్క కూడా అప్పుడు మన మాట చెవిన పెట్టదు. గొలుసు తెంపుతుంది, గోడ దూకుతుంది, అన్నం ముట్టదు. రెండు రోజులు కనపడకుండా పోయి, చెవి చీరుకుని, డొక్కలు లోపలికి పోయి, మెడ కింద పంటిగాట్లతో వస్తుంది. ఆ గాట్లు వెంట్రుకల మాటున కనపడవు, వాసన వచ్చేసరికి లోపల పురుగు పట్టి ఉంటుంది. గూడూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్క ఊళ్లలో అయితే లారీల భయం వేరే.

ఆపరేషన్ సంగతి ఆషాఢ శ్రావణాల్లోనే ఆలోచించమనడం ఇందుకే. కోత పడ్డ కొద్ది రోజుల్లోనే మగ హార్మోను పడిపోతుంది గానీ, దాంతో వచ్చిన అలవాటు అంత తొందరగా పోదు. కొన్నింటికి వారాలు, ముదురు కుక్కలకు నెలలు పడుతుంది. పైగా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, మధ్యలో తుఫాను. ఆ తడిలో, బురదలో కుట్లు ఆరవు, ఈగలు వాలతాయి. ఆగస్టు ఆఖరుకు చేయిస్తే కార్తె నాటికి గాయం మాని, కుక్క కాస్త నెమ్మదిస్తుంది.

చేయించాలా వద్దా అన్నది మాత్రం ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది. మీ కుక్కతో మీకున్న ఇబ్బంది ఏంది?

ఆడకుక్క వాసనకు పరుగెత్తడం, ఇల్లొదిలి తిరగడం, మగకుక్కలతో కాట్లాట, వచ్చినవాళ్ల కాళ్ల మీదికి ఎక్కడం, బండి చక్రానికీ సోఫా కాలికీ ఒంటేలు కొట్టడం... ఇవి చాలావరకు హార్మోను పనులు. ఆపరేషన్‌తో అన్నిటికంటే బాగా తగ్గేది తిరుగుడు. మిగతావి కొన్ని కుక్కల్లో పూర్తిగా, కొన్నింటిలో సగంసగం తగ్గుతాయి. అయిదారేళ్లుగా గేటు స్తంభానికి కాలెత్తుతున్న కుక్క ఆ తర్వాత కూడా ఎత్తొచ్చు, అది అలవాటైపోయింది.

పొద్దస్తమానం మొరగడం, చెప్పులు కొరకడం, అన్నం గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమనడం, ఒంటరిగా వదిలితే తలుపు గీరడం మాత్రం కత్తితో పోయేవి కావు. వాటికి వ్యాయామం, శిక్షణ కావాలి. పూటకు అరగంట నడకైనా లేకుండా మెట్ల కింద కట్టేసి, పిచ్చిగా అరుస్తోందని ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తే ఏం లాభం?

ఇక్కడ అందరూ తొందరపడే చోటు ఒకటుంది. కుక్క మనిషిని కరిచింది, కాబట్టి ఆపరేషన్ చేయిద్దాం అంటారు. ముందు అది ఎట్లా కరిచిందో గుర్తు తెచ్చుకోండి. తోక కాళ్ల మధ్య పెట్టి, చెవులు వెనక్కి వాల్చి, మూలకు నక్కి, చెయ్యి దగ్గరికి రాగానే కరిచిందా? అది పొగరు కాదు, భయం. భయంతో కరిచే కుక్కకు మగ హార్మోను కాస్త ధైర్యాన్నిస్తుంది. దాన్ని తీసేస్తే బెదురు పెరిగే అవకాశం ఉందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. టపాసులకు వణికే కుక్క, బడిపిల్లలను చూసి మంచం కింద దూరే కుక్క అయితే, మొదట ఆ భయం పోగొట్టే పని చూడండి. డాక్టరుతో కూడా ‘కరిచింది’ అని మాత్రం చెప్పి ఊరుకోకుండా, కరిచిన తీరు చెప్పండి.

మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర, పొదలకూరు నిమ్మతోటల్లో కుక్కను పెట్టుకునేవాళ్ల భయం వేరు. విత్తు తీస్తే కాపలా పోతుందంటారు. పోదు. కొత్త మనిషి అలికిడికి మొరగడం, గుంట గట్టు తనదనుకోవడం ఈ హార్మోనుతో వచ్చే గుణాలు కావు. పైగా కార్తెలో ఆడకుక్కల వెంట పోకుండా రాత్రి గుంట దగ్గరే ఉంటుంది. సోమరి అవుతుందనేది మాత్రం సగం నిజం. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. అంతకుముందు పెట్టినంతే పెడితే పొట్ట వేలాడుతుంది. అయిదో వంతు నుంచి పావు వంతు దాకా తగ్గించి, నెలకోసారి తూకం చూస్తే సరి.

వయసు ముఖ్యం. ఒంగోలు కోడెకు పాలపళ్ల వయసులోనే విత్తు కొట్టిస్తే మెడ, మూపురం కండ పట్టవని రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పెద్దజాతి కుక్కకూ తొందర పనికిరాదు. ఎముకల చివర్లు గట్టిపడకముందే చేస్తే కాళ్లు కాస్త పొడవు సాగి, తుంటి, మోకాలి కీళ్లు దెబ్బతినే ముప్పు కొన్ని జాతుల్లో ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 35 జాతుల మీద 2020లో వెలువరించిన పరిశీలనలో జర్మన్ షెపర్డ్‌కు రెండేళ్లు దాటాక చేయించమన్నారు. చిన్న జాతుల్లో చాలావాటికి ఈ కీళ్ల బెడద కనిపించలేదు. నాటుకుక్కకు ఏడాది నిండనివ్వడం మేలని నా లెక్క.

ఆరోగ్యం వైపు చూస్తే వృషణాల గడ్డ ఇక రాదు, ముసలితనంలో మూత్రనాళం చుట్టూ ఉండే ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బి ముక్కే బాధ తగ్గుతుంది. వీధికుక్కలతో జతకట్టడం వల్ల అంటుకునే గడ్డ మన దగ్గర మామూలే. అంగం నుంచి చుక్కచుక్కగా నెత్తురు కారుతుంటే అదేమోనని అనుమానించాలి. తిరగని కుక్కకు అదీ తప్పుతుంది. రేబిస్‌కు మాత్రం దీనితో సంబంధం లేదు, ఏటా టీకా వేయించాల్సిందే. ఒకటే వృషణం కిందికి దిగి, రెండోది కడుపులో ఉండిపోయిన కుక్కకు ఆలోచన అక్కర్లేదు. అది క్యాన్సర్‌కు దారితీయొచ్చు, రెండూ తీయించండి.

నన్నడిగితే, గోడ దూకి తిరిగే కుక్కకు చేయించండి. ఇల్లు కదలకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, తాడు పట్టుకుని తిప్పితే తిరిగే కుక్కకు కంగారేం లేదు.

చేయించేటట్టయితే ముందు నెత్తురు పరీక్ష అడగండి. మన ఎండలకు పిడుదులు ఎక్కువ. పిడుదుల జ్వరం లోపల ఉంటే ప్లేట్‌లెట్లు పడిపోయి, కోత పెట్టినచోట నెత్తురు ఆగదు. కుక్క పైకి హుషారుగా కనపడుతున్నా సరే, ఈ పరీక్ష వదలొద్దు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కకు మత్తు కష్టం కాబట్టి, ఊపిరి చూసుకునే ఏర్పాటున్న చోటికే తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి నుంచి అన్నం పెట్టొద్దు. నీళ్లు ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు.

ఇంటికొచ్చాక వృషణాల సంచి ఇంకా వేలాడుతూనే కనిపిస్తుంది. అసలు తీశారా లేదా అని చాలామంది అనుమానపడతారు. కోత దానికి కాస్త ముందు, వేలెడంత ఉంటుంది. ఖాళీ సంచి కొంచెం వాచి, నెమ్మదిగా ముడుచుకుపోతుంది. అది బాగా ఉబ్బినా, నల్లగా కమిలినా, చీము వచ్చినా, కుక్క ఒకరోజుకు మించి అన్నం ముట్టకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మెడకు కట్టే ప్లాస్టిక్ గరాటును జాలిపడి విప్పకండి. పావుగంట నాకితే కుట్లు ఊడొస్తాయి. పది నుంచి పద్నాలుగు రోజులు స్నానం, దూకుడు, మేడ మెట్లు వద్దు. పసుపు, కిరసనాయిలు, కాఫీపొడి ఏవీ పుయ్యొద్దు. నొప్పికని మన ఇంట్లో ఉన్న బ్రూఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కుట్లు తీశాక కూడా ఒక నెల పైగా దాన్ని ఆడకుక్కల దగ్గరికి పోనివ్వకండి. నాళాల్లో మిగిలిన వీర్యంతో ఇంకా కడుపు చేయగలదు. పక్కింటివాళ్ల ఆడకుక్క ఎదకొచ్చి ఉంటే, ఈ మాట వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.