ఎడ్ షీరన్ ‘లూప్’ టూర్‌కి వెళ్లాలనుకుంటే ఏమేం చూసుకోవాలి?

2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడిన బ్రిటన్ గాయకుడు ఎడ్ షీరన్, మరో వారానికి బెంగళూరులో గాయని శిల్పారావుతో గొంతు కలిపి ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’ అందుకున్నాడు. తెలుగు మాటల్ని పట్టిపట్టి పలుకుతున్న ఆయన్ని చూశాక, అంతకుముందు ఆయన పేరు కూడా వినని మనవాళ్లు ఎందరో అభిమానులయ్యారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న ‘ప్లే’ ఆల్బమ్ వచ్చింది. దాని కోసం వేసిన ‘లూప్’ టూర్ 2026 జనవరిలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మొదలై, జూన్ 13న అరిజోనాలోని గ్లెండేల్‌తో అమెరికాలో అడుగుపెట్టేలా తేదీలు ఇచ్చారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. టికెట్ల సంగతులు చాలావరకు ఏ గాయకుడి టూర్‌కైనా వర్తిస్తాయి.

టికెట్ పని అమ్మకానికి ముందే మొదలుపెట్టండి

గాయకుడి సొంత వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇచ్చి ఉంచండి. ముందస్తు అమ్మకాల కబురు, కోడ్ ఉంటే ఆ కోడ్, మామూలుగా అలాగే వస్తాయి. టికెట్ల యాప్‌లో ఖాతా తెరిచి, ఫోన్ నంబరు, కార్డు వివరాలు ముందురోజే సరిచూసుకోండి. ఇంట్లో కూర్చుని రెండు తేదీలు, తలకి ఎంత పెట్టగలరో ఒక అంకె రాసి పెట్టుకోండి. క్యూలో గడియారం పరిగెడుతుంటే బేరీజు వేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

అమ్మకానికి ముందు చాలా సైట్లు వెయిటింగ్ రూమ్, అంటే ఆన్‌లైన్‌లో వేచి ఉండే పేజీ, తెరుస్తాయి. అందులో ఉన్నవాళ్లకు వరస నంబర్లు లాటరీలా పడతాయి కాబట్టి అందరికన్నా ముందు దూరినందుకు పెద్ద లాభం లేదు, ఆలస్యమైతే మాత్రం నష్టమే. ఒక ఖాతా, ఒకే ట్యాబ్ చాలు. పేజీని రిఫ్రెష్ చేయకండి.

అమెరికాలో 2025 మే 12 నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరను మొదట్లోనే చూపించాలన్న నిబంధన ఉంది. మీరు రాసుకున్న అంకెతో ఆ మొత్తాన్నే పోల్చండి.

దొరక్కపోతే కంగారుపడి రీసేల్‌కి పరిగెత్తొద్దు

2018లో షీరన్ బ్రిటన్ షోలకు, కొన్న టికెట్లను తిరిగి అమ్ముకునే రీసేల్ సైట్‌లో చేతులు మారిన సుమారు 10,000 టికెట్లను నిర్వాహకులు రద్దు చేశారు. డబ్బు పోసి కొన్నవాళ్లు మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది. అందుకే అసలు టికెట్లు అమ్మిన సైట్‌లోనే అభిమానులు తిరిగి అమ్ముకునే చోటు ఉందేమో చూడండి. షో దగ్గరపడేకొద్దీ స్టేజి కొలతలు ఖరారై, ఆపి ఉంచిన సీట్లు కొన్ని విడుదల కావడం మామూలే. చివరి వారంలో రోజుకు రెండుసార్లు యాప్ తెరిచి చూడండి.

వెళ్లేరోజు

అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియాల్లో మామూలుగా, అరచేయంత చిన్న పర్సు కాక, లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ సంచినే రానిస్తారు. 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ అయితే గేటు దగ్గరి నుంచి వెనక్కి, కారు దాకా నడవాల్సిందే. టికెట్‌ను ఫోన్ వాలెట్‌లోకి ఇంట్లోనే ఎక్కించుకోండి. బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారే టికెట్లకు స్క్రీన్‌షాట్ పనికిరాదు, వేలమంది చేరిన చోట నెట్ కూడా సరిగా రాదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు తీసుకెళ్లండి, పిల్లలుంటే చెవులు మూసే మఫ్‌లు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి వేదికలకు పెట్టిన హద్దు 100 డెసిబెల్స్. అది కూడా పసి చెవులకు ఎక్కువే.

అన్నిటికన్నా ముఖ్యం: వినడం ఎలా?

వెళ్లేముందు ‘ప్లే’ను కలగాపులగంగా కాక, మొదటి పాట నుంచి వరసగా రెండుసార్లు వినండి. ‘అజీజం’ పర్షియన్ మాట, ‘నా ప్రియా’ అని అర్థం. ‘సఫైర్’లో అరిజిత్ సింగ్ పంజాబీ పలుకులు వస్తాయి. పాత హిట్ల కోసమే వెళ్తే, కొత్త పాట మొదలవగానే చుట్టూ జనం తినుబండారాల కోసం లేచిపోయినట్టు మీరూ లేచిపోతారు. ఈ టూర్ వేసిందే ఆ పాటల కోసం.

ఇక స్టేజి. బుర్రకథలో కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలు ఉంటారు కదా, షీరన్ చాలా పాటల్లో ఆ వంతల పని కూడా తనే చేసుకుంటాడు. గిటార్ డొక్క మీద అరచేత్తో తట్టి, కాలికింది పెడల్ తొక్కుతాడు. ఆ పెడల్ దరువును అక్కడికక్కడే పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, దాన్నే లూప్ అంటారు. దాని మీద తీగలు, ఆ తీగల మీద తన గొంతే రెండో వరసలో, మూడో వరసలో. నిమిషం తిరిగేసరికి ఒక్క మనిషి బృందమవుతాడు. ముందే రికార్డు చేసి తెచ్చుకున్నది కాదిది, మీ కళ్లముందే కట్టేది.

అందుకే నా సలహా: డబ్బులుండి కూడా స్టేజిని ఆనుకుని నిలబడే టికెట్ కొనకండి. అక్కడ పొడుగువాళ్ల వీపులే కనిపిస్తాయి. కొంచెం ఎత్తులో, పక్కవాటుగా ఉండే సీటు నుంచి ఆయన చేతులు, పాదాలు, తెర మూడూ కనిపిస్తాయి. పాట మొదలైన తొలి నిమిషం ఫోన్ జేబులోనే ఉంచి ఆ పాదాలు చూడండి. వీడియో తీయాలనిపిస్తే చివరి చరణానికి తీయండి, ఆ సరికి పొరలన్నీ ఒకదానిమీదొకటి చేరి ఉంటాయి. పాట అయిపోగానే అదంతా చెరిపేసి, తర్వాతి పాటకు మళ్లీ మొదటి దరువు కొడతాడు.