ప్లాస్టిక్ మోడల్‌కి రంగు కొట్టే ముందు దుమ్ము ఎట్ల వదిలించుకోవాలె

మిర్యాలగూడల ఉండేటోళ్లకి దుమ్ము గురించి కొత్తగ చెప్పే పని లేదు. పొద్దున డాబా ఊడిస్తే సాయంత్రానికి మళ్ల నల్లటి సన్న పొర పడతది, రైస్ మిల్లుల ఊక బూడిద అది, ఎండాకాలం గాలి లేస్తే దానికి చెల్క మన్ను కూడ తోడైతది. ఇసొంటి ఊర్ల కూసొని 1/72 సైజు, అంటే అసలుదానికంటే 72 రెట్లు చిన్న, మిగ్-21 యుద్ధ విమానం మోడల్‌కి వెండి రంగు కొట్టాలంటే ముందు దుమ్ము సంగతి తేల్చుకోవాలె. ఒక్క లెక్క చూడండ్రి, మోడల్ మీద అర మిల్లీమీటర్ నలక కనబడితే అసలు విమానం మీద అది 36 మిల్లీమీటర్లు, అంటే రెక్క మీద నిమ్మకాయంత గడ్డ అతుకపెట్టినట్టు. రంగు పడ్డంక అది ఇంకా ఎక్కువ కనబడతది, వెండి రంగు, మెరిసే నల్ల రంగు అయితే అసలే దాచుకోవు.

నా మొదటి మిగ్ గట్లనే ఖరాబైంది. స్ప్రే క్యాన్ ఊపి రెడీ పెట్టుకొని, ఆఖరికి ఇంకోసారి శుభ్రం చేద్దామని పాత బనీను గుడ్డతోని రెక్కని బాగ రుద్దిన, ఎంత రుద్దితే అంత మంచిదనుకున్న. తర్వాత కిటికీ వెలుగుకు అడ్డంగ పట్టుకొని చూస్తే గుడ్డ పోగులు సన్న వెంట్రుకల్లెక్క రెక్క మీద నిలవడి ఉన్నయ్, నోటితోని ఊదితే ఊగుతున్నయ్ కానీ లేస్తలేవు. అయినా తొందరపడి రంగు కొట్టిన, అవన్నీ రంగు కిందనే ఉండిపోయినయ్.

అది ఎందుకైతదంటే, ఈ కిట్లు (ముక్కలు అతికిచ్చి మోడల్ చేసుకునే డబ్బాలు) ఎక్కువ శాతం పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తోని చేస్తరు, దాంట్ల కరెంటు పారదు. పొడి గుడ్డతోని రుద్దితే స్టాటిక్ పుడతది, పుట్టిన ఛార్జ్ ఎటూ పోలేక పైన్నే ఉండిపోతది, గాలిల తిరిగే ప్రతి నలకని గుంజుకుంటది. చిన్నప్పుడు దువ్వెన తలకు రుద్ది కాయితం ముక్కలు లేపినం చూడండ్రి, అదే ఇది. గాలిల తేమ ఉంటే ఆ ఛార్జ్ మెల్లగ దిగిపోతది, కానీ మన దగ్గర చలికాలం నుంచి మే దాకా గాలి పొడి పొడిగనే ఉంటది కదా, అందుకే పాలమూరుల, నల్లగొండల ఎండాకాలం ఈ బాధ ఎక్కువ. కాబట్టి పొడి గుడ్డ ముట్టుకోవద్దు. పొడి గుడ్డ దుమ్ముని తియ్యదు, ఈడ్నుంచి ఆడికి జరుపుతది, ఇంకింత దుమ్ముని పిలుస్తది. దుమ్ము పోవాలంటే నీళ్లే కావాలె.

కిట్ డబ్బా తెరవంగనే మొదటి కడుగుడు. ముక్కలు అంటుకొని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేం నుంచి వాటిని కోయకముందే, ఫ్రేములు ఫ్రేములుగనే కడగండ్రి, లేకుంటే చిన్న ముక్కలు మోరీలకు పోతయ్. ఈ కడుగుడు ఒక్క దుమ్ము కోసమే కాదు, ఫ్యాక్టరీల అచ్చు నుంచి ముక్క ఊడి రావాలని ఒక జిడ్డు మందు వాడుతరు, అది ముక్కల మీద మిగిలితే రంగు పట్టదు, టేప్ అంటించి తీసినప్పుడు రంగు పొరలాగ లేచి వస్తది. రెజిన్ (అచ్చుల పోస్తే గట్టిపడే రసాయనం) ముక్కలకైతే ఈ జిడ్డు ఇంకా ఎక్కువ ఉంటది, వాటిని రెండు సార్లు కడిగినా తప్పు లేదు.

ఒక టబ్‌ల గోరువెచ్చని నీళ్లు పోసి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలపండ్రి. మరిగిన నీళ్లు పొయ్యొద్దు, పాలీస్టైరీన్ నూరు డిగ్రీల కాడ మెత్తబడతది, సన్నటి యాంటెనా లాంటివి అంతకు ముందే వంకర పోతయ్. చేతులు కడుక్కునే సబ్బు కూడ వద్దు, చర్మం మెత్తగుండాలని దాంట్ల ఏదో ఒకటి కలుపుతరు, అది మళ్ల జిడ్డే. పది నిమిషాలు నానినంక మెత్తటి టూత్ బ్రష్‌తోని, పిల్లలది అయితే ఇంకా మంచిది, ప్యానెల్ గీతల (విమానం రేకుల అతుకులు చూపెట్టే సన్న గాడుల) వెంబడి మెల్లగ తోమండ్రి. కాక్‌పిట్ అద్దం ముక్కని మాత్రం బ్రష్ పెట్టకుండ సబ్బు నీళ్లల్ల ముంచి వేళ్లతోనే తుడవాలె, గీత పడితే మళ్ల పాలిష్ పని. ఊడిపోయిన చిన్న ముక్కలుంటే చాయ్ జాలిల వేసి కడగండ్రి. నేను మొదటిసారి అడగకుండ తీస్కపోతే మా అమ్మ "ఆ సబ్బు జాలితోని మళ్ల చాయ్ వడపొయ్యమంటవారా?" అని కోప్పడ్డది, ఆమె అన్నది న్యాయమే, నా సామాన్లకి వేరే జాలి కొనుక్కున్న.

ఇగ నీళ్ల సంగతి. ఫ్లోరైడ్ పేరెత్తితే అందరికి నల్లగొండనే యాదికొస్తది, కానీ మోడల్‌కి వచ్చే తిప్పలు ఫ్లోరైడ్‌తోని కాదు, బోరు నీళ్లల్ల ఉండే ఉప్పులతోని. బకెట్ అంచుకు తెల్లగ పేరుకుంటది చూడండ్రి, నీటి బొట్టు మోడల్ మీద ఎండితే అదే తెల్ల మచ్చ పడతది, రంగు కింద గరుకుగ తెలుస్తది. అందుకని మామూలు నీళ్లతోని సబ్బు మొత్తం పోయేదాక కడిగి, ఆఖరికి ఒకసారి బ్యాటరీ నీళ్లల్ల ముంచి తియ్యండ్రి. అవి డిస్టిల్డ్ వాటరో, ఉప్పులు తీసేసిన నీళ్లో, బ్యాటరీ షాపుల దొరుకుతయ్. లేకుంటే ఇంట్ల ఆర్‌వో నీళ్లు ఉన్నా నడుస్తది.

ఆరబెట్టుడు నీడలనే. ఏప్రిల్, మే నెలల్ల డాబా మీద పెడితే గంటల ఆరిపోతయని అనిపిస్తది, కానీ ఆ ఎండకి ముదురు రంగు ప్లాస్టిక్ చెయ్యి కాలేటంత వేడెక్కుతది, సన్న ముక్కలు వంగుతయ్, పైగా బయట పెడితే కడిగిన దుమ్మే మళ్ల వచ్చి కూసుంటది. బర్త్‌డే కేక్‌కి వచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటది కదా, దాన్ని పడెయ్యకుండ దాచుకొని, ముక్కల్ని కిచెన్ టిష్యూ మీద పేర్చి, దాని మీద ఆ డబ్బాని ఒక పక్క జర లేపి బోర్లించండ్రి. ఎండాకాలం మూడు నాలుగు గంటలు, వానాకాలం రాత్రంతా. టిష్యూతోని రుద్దొద్దు, నీళ్లని అద్ది తియ్యాలె అంతే.

మోడల్ అతికిచ్చినంక వచ్చే దుమ్ము వేరే. పుట్టీ పెట్టి అతుకులు సాపు చేసేటప్పుడు వచ్చే తెల్ల పొడి ప్యానెల్ గీతలల్ల కూరుకుంటది. దీనికి మందు ముందే ఉంది, పొడిగ గీకకుండ తడిగ గీకాలె. కార్లకు పెయింట్ కొట్టే షాపు సామాన్ల కాడ వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాయితం) దొరుకుతది, 400 నంబర్‌తోని మొదలువెట్టి 600, 800, 1000 దాక పోతే (నంబర్ పెరిగితే గరుకు సన్నబడతది) ప్రైమర్‌కి, అంటే రంగు కింద కొట్టే మొదటి పొరకి, సరిపోతది, నీళ్లల్ల ముంచుకుంట గీకితే పొడి గాలిల లేవదు. రెజిన్ ముక్కలు అయితే తడిగ గీకినా మాస్క్ పెట్టుకోండ్రి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గీతలల్ల మిగిలిందాన్ని టూత్‌పిక్‌తోని గోకి తడి బ్రష్‌తోని లాగెయ్యాలె.

ఈ దశల మోడల్‌ని టబ్‌ల ముంచొద్దు. సందులల్లకెళ్లి నీళ్లు లోపలికి పోయి దాక్కుంటయ్, రెండు రోజులైనంక సరిగ్గ ప్రైమర్ కొట్టేటప్పుడు బొట్టు బొట్టు బయటికొస్తయ్. తడి చేసి గట్టిగ పిండిన మైక్రోఫైబర్ గుడ్డతోని తుడిస్తే చాలు, చేతి జిడ్డు ఉన్న కాడ మెడికల్ షాపుల దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జరంత దూదికి కాకుండ గుడ్డకే అద్ది తుడవండ్రి, దూది పోగులు వదులుతది. ముందే కొట్టిన అక్రిలిక్ రంగు ఉంటే అది ఆల్కహాల్‌కి లేచిపోతది, కాక్‌పిట్ లోపల రంగు వేసి ఉంటే ఆడ వాడొద్దు. ఎన్‌సీ థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానియ్యొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతది, దాన్ని మళ్ల మనం ఏం చెయ్యలేం. కడిగిన కాడ్నుంచి గ్లవ్స్ వేసుకోండ్రి, లేకుంటే అగ్గిపుల్లకో చీపురు పుల్లకో అతికిచ్చి పట్టుకోండ్రి, పొద్దున తలకు కొబ్బరి నూనె రాసుకున్న చేతులతోని పట్టుకుంటే వేలిముద్ర కాడ రంగు నిలవదు.

రంగు కొట్టే రోజు మోడల్ కంటే ముందు రూం. అర గంట ముందు తడి గుడ్డతోని బండలు తుడిచి, ఫ్యాన్ బంద్ చేసి, ఆ రూంలకు ఎవ్వరు రాకుండ చూస్కోండ్రి, లేచిన దుమ్ము కిందికి దిగనియ్యాలె. చీపురుతోని ఊడ్చుడు ఆ రోజు అసలే వద్దు. ఉన్ని స్వెట్టర్, పోగులు లేచే టవల్ మీద వేసుకొని కూసోవద్దు. స్ప్రే వాసన పోవాలె కాబట్టి కిటికీ తెరవాలె, కానీ గాలి ఎదురుగ కొట్టేటట్టు కాదు, నేనైతే గాలి లేవకముందు పొద్దున ఆరు ఏడింటికే కొడత, మిల్లుల పొగ కూడ అప్పటికి మా ఇంటి దిక్కు రాదు. వాన పడుతుంటే రేపటికి ఆపుకోండ్రి, తేమ ఎక్కువుంటే ల్యాకర్ (థిన్నర్‌తోని కలిపే, జల్ది ఆరే) రంగు పాలలెక్క తెల్లబడతది.

క్యాన్ పట్టుకునే ముందు ఆఖరి పని, మోడల్‌ని టేబుల్ లైటు కిందకి తెచ్చి పక్క నుంచి వెలుగు పడేటట్టు మెల్లగ తిప్పండ్రి. మీది నుంచి చూస్తే కనబడని నలక పక్క వెలుగుకి నీడతోని సహ కనబడతది. దాన్ని కెమెరా లెన్సులకు వాడే రబ్బరు బ్లోయర్‌తోని కొట్టండ్రి, ఎయిర్‌బ్రష్ (గాలితోని రంగు చల్లే చిన్న గన్) ఉంటే రంగు పొయ్యకుండ ఉత్త గాలి కొట్టినా అదే పని. నోటితోని ఊదితే ఉమ్మి తుంపర పడతది. గాలికి పోని పోగుని కొద్దిగ తడి చేసిన మెత్తటి బ్రష్ కొసతోని ఎత్తి తీసుకోవాలె. మేకప్ బ్రష్ కొత్తది ఒకటి దీనికోసమే పెట్టుకొని మూత ఉన్న డబ్బాల దాస్తే చాలా ఏండ్లు వస్తది. స్టాటిక్ తగ్గించే బ్రష్‌లు మోడల్ కంపెనీలు అమ్ముతయ్, ధర ఎక్కువ, పది మోడళ్లు చేసేటోళ్లకైతే కొనుక్కున్నా దండగ కాదు.

ఇంత చేసినా ఒక్కోసారి తడి రంగు మీద ఒక నలక వాలుతది. అప్పుడు చెయ్యి పెట్టొద్దు, గిల్లి తీద్దామని పోతే చుట్టూ రంగు గుంట పడతది. డబ్బా బోర్లించి వదిలెయ్యండ్రి, రెండు రోజులు బాగ గట్టిపడ్డంక 2000 నంబర్ వాటర్ పేపర్‌ని తడి చేసి ఆ ఒక్క కాడ మెల్లగ గీకి, తుడిచి, ఆరినంక పల్చగ ఇంకో పొర కొట్టండ్రి. నా రెండో మిగ్‌కి ఎడమ రెక్క మీద ఇట్ల రెండు సార్లు చెయ్యాల్సొచ్చింది, ఇప్పుడు ఏడ గీకిన్నో నాక్కూడ దొరకదు.