కెంపు కొనేటప్పుడు ఏటేటి చూసుకోవాలంటే

మా శ్రీకాకుళం వైపు కెంపు అంటే ముందు గుర్తొచ్చేది సూర్యుడే, నవరత్నాల్లో ఆయన రాయి అది, పైగా అరసవల్లి పక్కనే ఉంది, అందుకే జాతకం చూపించుకుని వచ్చినోళ్ళు బంగారంలో కట్టించి ఆదివారం పూట ఉంగరం వేలికి పెట్టుకుంటారు. నమ్మకం ఎవరిది వాళ్ళది, దాని జోలికి నేను పోను. చెప్పేది ఒకటే, ఎరుపు చూసి డబ్బులివ్వకండి, ఆ రాయికి ఏం చేశారో తెలుసుకుని ఇవ్వండి.

ఎరుపు చూసి రాజులే పొరపడ్డారు మరి. బ్రిటిష్ కిరీటంలో ముందు కనబడే పేద్ద ఎర్ర రాయి, బ్లాక్ ప్రిన్స్ రూబీ అంటారు, అది కెంపే కాదు, స్పినెల్ అనే వేరే రాయి. కెంపంటే కోరండం, అంటే అల్యూమినియం ఆక్సైడ్, అందులో కాస్త క్రోమియం కలిస్తే ఆ ఎరుపు వస్తుంది, అదే ఖనిజంలో ఇనుము, టైటానియం ఉంటే నీలం అవుతుంది. గట్టితనంలో వజ్రం 10 అయితే ఇది 9. బర్మాలో మోగోక్ గనుల రాళ్ళకి వందల ఏళ్ళ పేరుంది, పావురం రక్తం రంగు అని మురిసిపోయేది వాటినే. ఇప్పుడు మొజాంబిక్ నుంచి కూడా బాగా వస్తున్నాయి, అక్కడ దొరికిన 55.22 కేరట్ల కెంపు 2023లో న్యూయార్క్ వేలంలో 3.48 కోట్ల డాలర్లకి పోయింది. మనకి దగ్గర్లో అంటే ఒడిశా కలహండిలో కూడా కెంపులు దొరుకుతాయి.

సరే, షాపుకెళ్ళాక సంగతి. "బాబూ, ఇది ఒరిజినలేనా" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "ఇది నేచురలా, సింథటికా? హీట్ చేసిందా, గ్లాస్ ఫిల్లింగా?" అని అడగండి, అప్పుడు మాట మారుతుంది.

సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో చేసింది. 1902లో వెర్నూయి అనే ఫ్రెంచాయన అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి బయటపెట్టాడు, కాబట్టి అమ్మమ్మ గారి కమ్మల్లో రాళ్ళు పాతవి కదా, అసలువే అయ్యుంటాయి అనుకోడానికి లేదు. అదీ కోరండమే, గట్టితనమూ అంతే, అందుకే గీసి చూడ్డం దండగ. పాలల్లో వేస్తే పాలు ఎర్రబడతాయి అంటారు చూడండి, అదీ ఉత్తిదే. యూవీ లైటు కింద ఎర్రగా మెరిసినా ఏం తేలదు, సింథటిక్ ఇంకా బాగా మెరుస్తుంది. పది రెట్లు చూపించే భూతద్దం అడిగి రాయిని మెల్లగా తిప్పుతూ చూడండి, లోపల గుండ్రటి బుడగలు, వంపు తిరిగిన సన్న గీతలు కనబడితే అది కొలిమిలో పుట్టిందే. భూమిలోది అయితే సిల్క్ అంటారు, సన్న సూదుల్లాంటివి ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి, మచ్చలుంటాయి. మచ్చ లేకుండా, పెద్దదిగా, చవగ్గా దొరికిందంటే మాత్రం అనుమానించాల్సిందే.

రంగు తేటపడాలని వేడి చేసిన రాయి తప్పేం కాదు, మార్కెట్లో ఎక్కువ శాతం అవే, కాకపోతే చేశామని చెప్పి అమ్మాలి, వేడి చెయ్యనిదానికి రేటు బాగా ఎక్కువ. భయపడాల్సింది గ్లాస్ ఫిల్లింగ్‌కి. పగుళ్ళతో నిండిన పనికిరాని రాయిలోకి సీసం గాజు కరిగించి పోసేస్తారు, పైకి నిగనిగలాడిపోద్ది. లైటు కింద వాలుగా తిప్పితే పగుళ్ళ దగ్గర నీలం మెరుపు తళుక్కుమంటుంది. కేరట్ కొన్ని వందలకి వచ్చే ఆ సరుకుని మంచి కెంపు రేటుకి అంటగట్టేవాళ్ళున్నారు, జాగ్రత్త.

అందుకే ఖరీదైన రాయి అయితే ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా కొనకండి, జీఐఏ, ఐజీఐ లాంటి రాళ్ళు పరీక్షించే ల్యాబులవి. అందులో రాయి పేరు ఒక్కటే చదివి మడిచీకండి, ట్రీట్‌మెంట్ అన్న లైను చూడండి, అసలు విషయమంతా అక్కడే ఉంటుంది. అన్నట్టు ఉంగరం మీద హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. బిల్లులో గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ విడివిడిగా రాయించుకోండి, లేకపోతే రాయి బరువుకి కూడా బంగారం రేటు కట్టేస్తారు. కేరట్ అంటే 200 మిల్లీగ్రాములు, అయిదు కేరట్ల రాయంటే ఒక గ్రాము, ఇప్పుడున్న బంగారం రేటుకి అదేం చిన్న మొత్తం కాదు. రత్తి అనే పాత తూకం లెక్కలో చెప్తే కేరట్లలో ఎంతో చెప్పమనండి.

కట్టించేటప్పుడు వెనక ఓపెన్‌గా వదిలెయ్యమనండి, రాయి చర్మానికి తగలాలనే జాతకాల వాళ్ళ పట్టింపూ తీరుతుంది, మీకు మురికి కడుక్కోడానికీ వీలు. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. గ్లాస్ ఫిల్లింగ్ అని తెలిసే కొనుక్కున్నా పరవాలేదు గానీ నిమ్మరసం తగలనివ్వకండి, గాజు తినేస్తుంది, ఉంగరం లూజో టైటో చేయించడానికి వెళ్ళినప్పుడు రాయి తీసీ మంట పెట్టమని కంసాలికి ముందే చెప్పండి.