అయోవా పాత పొలాలకు అమ్మానాన్నలతో వెళ్తున్నారా?

ఊరి నుంచి అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు ఏం చూపించాలని ఎవరైనా అడిగితే, వాళ్లు సేద్యం చేసినవాళ్లా అని ముందు అడుగుతాను. అవునంటే అయోవా రాష్ట్రంలో డెమోయిన్ నగరం పక్కనే అర్బన్‌డేల్‌లో ఉన్న లివింగ్ హిస్టరీ ఫార్మ్స్‌కు తీసుకెళ్లమంటాను. షికాగో నుంచి కారులో ఐదు గంటలకు పైనే పడుతుంది. 1970లో మొదలైన మ్యూజియం అది. 1700 నాటి అయోవే తెగవారి పొలం, 1850 నాటి వలస రైతు పొలం, 1900 నాటి గుర్రాల సేద్యం, 1870ల నాటి చిన్న పట్టణం అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఆనాటి దుస్తుల్లో ఉన్నవాళ్లు మన ఎదుటే పనులు చేస్తుంటారు.

మే నుంచి అక్టోబరు లోపే వెళ్లాలి. ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి. టోపీ, నీళ్లు, మట్టిలో నడవడానికి పనికొచ్చే బూట్లు ఉంటే చాలు. ఎండెక్కకముందే పొలాల వైపు వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవారిని ట్రాక్టరు బండి ఎక్కించండి. పట్టణానికి మధ్యాహ్నం వెళ్లొచ్చు. కమ్మరి కొలిమి ఒక్కటీ తప్పకుండా చూడండి, మిగిలినవి ఓపికను బట్టి.

అయోవే పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే పద్ధతి అడిగి తెలుసుకోండి. మొక్కజొన్న కాడే చిక్కుడు తీగకు ఊతం, గుమ్మడి ఆకులే నేలకు నీడ. "మనం జొన్నచేలో అలసంద వేసినట్టే కదే!" అంది, మేం వెళ్లినప్పుడు మా అమ్మ.

ఎక్కువసేపు ఉండాల్సింది మాత్రం 1850 పొలంలో. అక్కడ సేద్యం ఎద్దులతోనే. మా నాన్నగారు పల్నాడు రేగడిలో నలభై ఏళ్లు అరక దున్నినవారు. కాడి దగ్గర కూర్చుని, మెడ కింద నుంచి పైకి వచ్చే వంపు కర్రను వేళ్లతో తడిమి చూశారు. "ఈ ఎద్దులకు మూపురం లేదమ్మా. కాడి జారకుండా ఈ కర్ర పెట్టారు" అన్నారు. ముకుతాడు కూడా లేదు. తోలేవాడు ఎడమ పక్కన నడుస్తూ "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకు తిరుగుతాయి. నాన్నగారు ఎడమకు దాపట, కుడికి వలపట అని చెబుతుంటే నేను ఇంగ్లీషులోకి మార్చాను. అక్కడి అతను పని ఆపి, ఆ రెండు మాటలూ పలికి చూశాడు. అందుకే మీరు ముందు నడిచి వివరించకండి. పెద్దవాళ్లను ముందు నడవనిచ్చి, వాళ్ల ప్రశ్నలను అనువదించండి. అరగంట అనుకున్నది రెండు గంటలైనా తొందరపెట్టకండి.

తిరుగు ప్రయాణంలో వీలైతే ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డీటూర్ దగ్గర ఆగండి. జాన్ డీర్ అనే కమ్మరి 1837లో ఉక్కు నాగలి చేసింది ఆ ఊళ్లోనే. ప్రెయిరీ (అక్కడి గడ్డి మైదానాల) నేల జిగట మట్టి పాత ఇనుప నాగళ్లకు అంటుకుపోయేది, నునుపైన ఉక్కు మీద జారిపోయింది. ఇది చెప్పగానే నాన్నగారు, "వాన పడ్డ రేగడిలో మేమూ అంతే. చాలు చివర ఎద్దులను ఆపి, కర్రుకు అంటిన మట్టి పుల్లతో గీకేవాళ్లం" అని చేత్తో గీకి చూపించారు.